ముందు పందెం, తరువాత పాఠం: లెక్కల తరగతిలో ఆశ్చర్యాన్ని వాడుకునే పద్ధతి

రెండు ఏ4 కాగితాలు తీసుకున్నాను. ఒకదాన్ని పొడవుగా, సన్నగా గొట్టంలా చుట్టి అంచులు కలిపి అంటించాను. రెండోదాన్ని పొట్టిగా, లావుగా చుట్టాను. సన్న గొట్టాన్ని లావు గొట్టం లోపల నిలబెట్టి, సన్నదాని నిండా బొరుగులు పోశాను. “ఇప్పుడు లోపలి గొట్టాన్ని పైకి లాగేస్తాను. బొరుగులన్నీ లావు గొట్టంలోకి జారుతాయి. పొర్లిపోతాయా, సరిగ్గా అంచు దాకా వస్తాయా, తక్కువ పడతాయా?” అని అడిగాను. ఎనిమిదో తరగతిలో ఆ రోజు 38 మంది ఉన్నారు. వారిలో 29 మంది సరిగ్గా అంచు దాకా వస్తాయన్నారు. “కాగితం ఒక్కటే కదా మిస్” అని కారణం కూడా చెప్పారు. ఏడుగురు పొర్లిపోతాయన్నారు. తక్కువ పడతాయన్నది ఇద్దరే.

గొట్టం లాగాను. పైన ఆరు సెంటీమీటర్ల మేర ఖాళీగా మిగిలింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత చివరి బల్ల నుంచి ఒక గొంతు: “మీరు ఒక కాగితం కోసి ఉంటారు మిస్!” అతన్నే పిలిచి రెండు గొట్టాలూ విప్పించాను. కాగితాలు ఒకదానిమీద ఒకటి అచ్చంగా సరిపోయాయి. స్థూపం ఘనపరిమాణం సూత్రాన్ని ఆ రోజు నేను బోర్డు మీద రాయలేదు, వాళ్లే రాయించారు.

చెన్నైలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. వారమంతా బడిలో, ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంటు హాల్లో చుట్టుపక్కల తెలుగు పిల్లలకు చెబుతాను. మొదటి పదేళ్లు నేను ఆశ్చర్యాన్ని తప్పుగా వాడాను. మొదటి, చివరి అంకెలు వేరువేరుగా ఉన్న మూడంకెల సంఖ్య ఒకటి అనుకోండి, దాన్ని తిరగేసి పెద్దదాన్నుంచి చిన్నది తీసేయండి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి కూడండి, మీకు వచ్చింది 1089! పిల్లలు చప్పట్లు కొట్టేవారు. వారం తరువాత అదెందుకు వచ్చిందని అడిగితే ఒక్కరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. అది గారడీ. గారడీవాడు గుట్టు విప్పితే ఆట ముగిసిపోతుంది, మనం గుట్టు విప్పితేనే పాఠం మొదలవుతుంది. ఈ తేడా ఒంటబట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. తరువాత కుదిరిన పద్ధతిని, అందులో నేను తిన్న ఎదురుదెబ్బలతో సహా, వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: నమ్మకం ఎక్కడుందో వెతకండి

నమ్మకం లేని చోట ఆశ్చర్యం పుట్టదు. ఇది చెన్నైలోని తెలుగు పిల్లల దగ్గరే నాకు బాగా అర్థమైంది. ఇంట్లో తొమ్మిది, తొంభై, తొమ్మిది వందలు అని లెక్కపెట్టే పిల్ల, వీధిలోకి వెళ్లి 90ని తమిళంలో ‘తొణ్ణూరు’ అంటారని, 900ని ‘తొళ్ళాయిరం’ అంటారని వినగానే ఆగిపోతుంది. తొంభైలోకి నూరు ఎలా వచ్చింది? తొమ్మిది వందల్లోకి ఆయిరం, అంటే వెయ్యి, ఎలా వచ్చింది? పుట్టినప్పటి నుంచీ ఆ మాటలే వింటున్న తమిళ పిల్లలకు ఇందులో వింతేమీ కనబడదు. మాట ఒకటే. ఆశ్చర్యపడే చెవికి మాత్రం ముందుగా ఒక అంచనా ఉంది.

అందువల్ల పాఠం తీసుకోగానే “ఇందులో వింత ఏముంది?” అని వెతకకండి. “ఇందులో పిల్లలు ధీమాగా తప్పు చెప్పేది ఏది?” అని వెతకండి. పాత జవాబు పత్రాలు మంచి గని. ముప్ఫై మంది ఒకే తప్పు చేశారంటే అక్కడ ఒక నమ్మకం గూడు కట్టుకుని ఉన్నట్టే. కొలత రెట్టింపైతే వైశాల్యమూ రెట్టింపే, పది శాతం పెరిగి పది శాతం తగ్గితే మొదటికే వస్తుంది, ఐదుసార్లు నిజమైన వరుస ఆరోసారీ నిజమే, ఇలాంటివన్నీ నేను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాను.

ఇజ్రాయెల్ గణిత విద్యావేత్త నిత్సా మోవ్షోవిత్జ్-హదర్ 1988లో ఒక గట్టి మాటే అన్నారు. బడి గణితంలోని సిద్ధాంతాలన్నీ నిజానికి ఆశ్చర్యాలేనని, మనం చెప్పే తీరు వల్ల అవి చప్పబడిపోతాయని ఆమె వాదన. త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు అని ముందే బోర్డు మీద రాసేస్తే అదొక సమాచారం. ఎవరికివారు పక్కవాళ్లకు చూపించకుండా తమకు తోచిన వంకర త్రిభుజం గీసి, కోణాలు కొలిచి, కూడి, అందరూ ఒకేసారి జవాబు పైకెత్తితే అదే పాఠం వేరుగా ఉంటుంది. కోణమానిని సరిగ్గా పెట్టని వాళ్లకు 178, 183 వస్తాయి, ఫరవాలేదు. అన్నీ ఒకేచోట గుమిగూడటమే కంటికి ఆనుతుంది.

1729 సంగతి కూడా చెప్పాలి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరిన రామానుజన్ ఊరు మనది. ఆయన్ను చూడ్డానికి హార్డీ అనే ఆంగ్ల గణితవేత్త ఎక్కి వచ్చిన 1729 నంబరు టాక్సీ కథ ఇక్కడి పిల్లలకు ఎంత పాతబడిందంటే, నేను ‘పదిహేడు వందల’ అనగానే మిగతాది వాళ్లే పూర్తి చేస్తారు. తెలిసిపోయిన వింత పనిచేయదు. నేను కథ వదిలేసి, 1 నుంచి 12 వరకు ఘనాల పట్టీ రాయించి ఊరుకుంటాను. 1728 ఒక ఘనమని, 729 ఇంకొక ఘనమని చూసిన పిల్లల్లో ఎవరో ఒకరికి తప్పకుండా చురుక్కుమంటుంది. 1728కి 1 కలిపినా, 1000కి 729 కలిపినా అదే సంఖ్య!

రెండో అడుగు: ఇంట్లో ఒకసారి చేసి చూడండి

దీన్ని తేలిగ్గా తీసుకుని నవ్వులపాలయ్యాను. గొట్టాల ప్రయోగానికి మొదటిసారి బియ్యం పోశాను. బరువుకు కాగితం విచ్చుకుని బియ్యం తరగతి నిండా పడింది. బొరుగులైతే తేలిక. గుండ్రంగా ఉబ్బినవైతే ఇంకా మంచిది. కాగితం అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఆనించి, పొడవునా టేపు వేయాలి. అంచు ఒక సెంటీమీటరు ఎక్కినా లెక్క చెడుతుంది.

మూడో అడుగు: ఊహ కాగితం మీద పడాలి

మిగతా అడుగులు కొంచెం అటూఇటూ అయినా నడుస్తుంది, ఇది మాత్రం తప్పితే అంతా పోయినట్టే. ఊహ మనసులో ఉంటే ఫలితం చూడగానే “నేనూ అదే అనుకున్నాను” అనేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, మనసు అంత త్వరగా సర్దుకుంటుంది. పెద్దవాళ్లమూ అంతే.

నేను చేసేది ఇది. చిన్న చీటీలు పంచుతాను. పేరు రాయనక్కరలేదు, ఏదో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు: చేప, నక్షత్రం, ఇడ్లీ. పెన్నుతోనే రాయాలి, దిద్దకూడదు. జవాబు రాశాక పందెం కాయాలి. ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇస్తాను. ఎంత నమ్మకం ఉంటే అన్ని గింజలు. పూర్తి ధీమా ఉన్నవాడు పదీ ఒడ్డుతాడు, ఊరికే అన్నవాడు ఒకటి పెడతాడు. డబ్బుతో వద్దు, మార్కులతో అసలే వద్దు.

చింతగింజలు సరదాకు కాదు. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక విషయం చూపించారు. తప్పు జవాబును ఎంత గట్టి నమ్మకంతో చెబితే, సరైనది తెలిశాక అది అంత బాగా దిద్దుబాటవుతుందట. మనం అనుకునేదానికి ఇది ఎదురు. మొండిగా నమ్మినదే మొండిగా ఉండిపోతుందనుకుంటాం కదా. పది గింజలు పోగొట్టుకున్న పిల్లవాణ్ని చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ఇక భౌతికశాస్త్ర తరగతుల విషయానికి వస్తే, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో, ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకు అసలు చూడనివాళ్ల కన్నా పెద్దగా ఎక్కువ అర్థం కాలేదు. ముందు ఊహ చెప్పి ఆ తరువాత చూసినవాళ్లకు మెరుగ్గా అర్థమైంది. నా పదేళ్ల 1089 చప్పట్లు ఎటు పోయాయో ఇది చదివాక తెలిసింది.

ఒకసారి ఒక తల్లి వచ్చి “మీరు పిల్లలతో తప్పులు రాయిస్తున్నారటండీ” అని నిలదీశారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. ఆమె కూతురు వరుసగా మూడు పందేలు ఓడి, ఇంటికి వెళ్లి ఏడ్చిందట. అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు పాటిస్తున్నాను. చీటీలు చదివేటప్పుడు ఎవరిదీ బయటపెట్టను, “29 మంది ఇలా అన్నారు” అంటాను. తప్పు 29 మందిదైతే అవమానం ఎవరిదీ కాదు. రెండోది, నేనూ ఒక చీటీ వేస్తాను. దాని సంగతి చివర్లో.

నాలుగో అడుగు: గొట్టం లాగేది పిల్లల చేతులే

మొదటిసారి నేనే లాగాను. ఇప్పుడు లాగను. టీచరు చేసిందాంట్లో మోసం ఉంటుందని పిల్లలకు అనుమానం, ఆ అనుమానం మంచిదే. బల్లకు ఒక జత గొట్టాలు ఇవ్వండి, వాళ్లే చుట్టుకుంటారు, పోసుకుంటారు, కొలుచుకుంటారు. బొరుగులు సగం కడుపుల్లోకి పోతాయి, కొంచెం ఎక్కువ కొనండి.

ఫలితం కనబడ్డాక నోరు మూసుకోండి. ఇది నాకు అన్నిటికన్నా కష్టం. నిశ్శబ్దం వస్తే మనకు చేతులు దురదపెడతాయి, వివరించేయాలనిపిస్తుంది. నేను మనసులో ముప్ఫై దాకా లెక్కపెడతాను. ఆ ముప్ఫైలోనే ఎవరో ఒకరు “కానీ మిస్...” అంటారు. ఆ ‘కానీ’ రావాలి.

ఐదో అడుగు: ‘ఎందుకు’ తేలకుండా గంట కొట్టనివ్వకండి

ఆశ్చర్యం ఒక అప్పు. అదే రోజు తీర్చాలి. 45 నిమిషాల పీరియడులో పందెం, ప్రయోగం కలిపి పదిహేను నిమిషాలు మించితే మిగిలేది తమాషానే.

గొట్టాల లెక్క తీర్చే తీరు ఇది. ఏ4 కొలతలు 21, 29.7 సెంటీమీటర్లు. లావు గొట్టానికి చుట్టుకొలత 29.7, ఎత్తు 21. సన్నదానికి చుట్టుకొలత 21, ఎత్తు 29.7. వ్యాసార్థం కావాలంటే చుట్టుకొలతను రెండు పైలతో భాగించాలి, ఆ వ్యాసార్థం సూత్రంలో వర్గమవుతుంది. కాబట్టి చుట్టుకొలత రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది, ఎత్తు ఒక్కసారే. “29.7 రెండుసార్లు రావడం మంచిదా, 21 రెండుసార్లు రావడం మంచిదా?” అని అడిగితే ఏడో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. అంకెలు వేస్తే లావుదానికి దాదాపు 1474 ఘన సెంటీమీటర్లు, సన్నదానికి 1042.

ఇక్కడితో ఆపినా చాలు. నేను ఆగలేను. 1474ను 1042తో భాగించమంటాను, 1.41 వస్తుంది. 29.7ను 21తో భాగించమంటాను, మళ్లీ 1.41. తొమ్మిదో తరగతి వాళ్లైతే రెండు వర్గమూలం అని గుర్తుపడతారు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఆకారం మారకుండా చిన్నదవుతుంది. అలా అయ్యే దీర్ఘచతురస్రం నిష్పత్తి అదొక్కటే, అందుకే ఆ కొలత పెట్టారు. జిరాక్సు దుకాణంలో రోజూ చూసే కాగితంలో కరణీయ సంఖ్య దాక్కుని ఉందంటే పిల్లల ముఖాలు చూడాలి.

‘ఎందుకు’ తరగతి స్థాయికి అందని వింతలు ఉంటాయి. వాటిని ఆశ్చర్య పాఠంగా పెట్టకండి. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ కనుగొన్న 6174 అలాంటిదే. నాలుగంకెల సంఖ్య తీసుకుని, అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చినది తీసేయాలి. 3524తో మొదలుపెడితే 3087, 8352, 6174. అంకెలన్నీ ఒకటే కాకపోతే చాలు, ఏడు మెట్లు దాటకుండా అక్కడికే చేరుతుంది. ఐదో తరగతిలో తీసివేతల సాధనకు ఇంతకన్నా మంచి పని లేదు, ఇరవై లెక్కలు అడగకుండానే చేసేస్తారు. కానీ ‘ఎందుకు’ అని అడిగితే చిన్న సమాధానం లేదు. అందుకని దాన్ని సాధనగానే వాడతాను. 1089కి మాత్రం సమాధానం ఉంది. మొదటి తీసివేతలో వచ్చేది ఎప్పుడూ 99 గుణిజమే, దాని మధ్య అంకె 9, రెండు చివర్ల అంకెలు కలిపితే 9. ఇది పిల్లలచేత తేల్చించవచ్చు. 99 వచ్చినవాళ్లు దాన్ని 099 అని రాసుకోవాలని ముందే హెచ్చరించండి, లేకపోతే ఎవరో ఒకరికి 198 వచ్చి పాఠం పక్కదారి పడుతుంది.

ఆరో అడుగు: ఒక్కటి మార్చి మళ్లీ అడగండి

మొదటి పందెంలో దాదాపు అందరూ ఓడతారు. అక్కడే వదిలేస్తే ‘లెక్కలు నన్ను మోసం చేస్తాయి’ అన్న చేదు మిగులుతుంది. రెండో పందెం గెలిచేలా ఉండాలి. అదే ఏ4ను పొడవునా సగానికి కోసి, రెండు ముక్కల్నీ చివరలు కలిపి అంటించి, ఇంకా పొట్టి గొట్టం చేస్తే? చుట్టుకొలత 59.4, ఎత్తు 10.5. ఈసారి చీటీల్లో ఎక్కువమంది ‘ఎక్కువ పడతాయి’ అని రాస్తారు, గింజలూ ధీమాగా ఒడ్డుతారు. ఎంత ఎక్కువ అన్నది లెక్క వేసినవాళ్లు సరిగ్గా రెట్టింపు అంటారు. ఇంకా సన్నగా కోస్తూ పోతే? ఈ ప్రశ్నను ఇంటికి పంపించండి.

ఆరు అడుగులూ అయ్యాయి. నా నోటుపుస్తకంలో తరచుగా తెరిచే పేజీలు నాలుగు.

ఆడి నెలలో శాతాలు

జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా టీ నగర్ రంగనాథన్ వీధిలో కాలు పెట్టే చోటు ఉండదు. ఆడి తగ్గింపులు. మన ఆషాఢం తగ్గింపులకు అన్నదమ్ముల వరస. ‘50 శాతం, ఆపైన 20 శాతం’ అన్న బోర్డు ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. వెయ్యి రూపాయల చీర ఎంతకు వస్తుంది? తరగతిలో సగానికి సగం మూడు వందలు అంటారు. ఇంట్లో అమ్మానాన్నల్ని అడిగి రమ్మంటే వాళ్లలోనూ చాలామంది అదే అంటారు. వెయ్యిలో సగం పోతే 500, ఆ 500లో 20 శాతం 100, చెల్లించాల్సింది 400. తగ్గింది 60 శాతమే. “రెండో శాతం దేనిమీద?” అన్న ఒక్క ప్రశ్న ఈ పాఠానికి ప్రాణం.

రెండో పందెం: ముందు 20, తరువాత 50 తగ్గిస్తే ఎవరికి లాభం? కొట్టువాడికని కొందరు, కొనేవాళ్లకని కొందరు. రెండూ ఒకటే, 400. గుణకారంలో వరుస మారినా ఫలితం మారదన్న మూడో తరగతి నియమం చీర కట్టుకుని వచ్చిందంతే.

గళ్ల మీద బియ్యం

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు. ఈ కథ అందరికీ తెలుసు, 1729 లాగే పాతబడింది. కథ చెప్పకండి. వంటింట్లోని 25 కిలోల మూట గురించి అడగండి: “ఎన్నో గడి దగ్గర, ఆ ఒక్క గడికే దాదాపు ఒక మూట పడుతుంది?” నలభై, యాభై అని రాస్తారు. పది గ్రాములు తూచి గింజలు లెక్కపెట్టించండి. రకాన్ని బట్టి గ్రాముకు యాభై నుంచి తొంభై గింజలు ఉంటాయి. 21వ గడికి 10,48,576 గింజలు కావాలి, 22వ గడికి దానికి రెట్టింపు. అంటే 21 లేదా 22 దగ్గరే మూట దాదాపు ఖాళీ. బోర్డులో రెండో సగం ఇంకా మొదలే కాలేదు.

తెలుగు పిల్లలకైతే ఇంకొకటి ఉంది. ఈ 64 గళ్ల మొత్తం చెప్పే పద్యం ఒకటి మన భాషలో పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉంది. పదకొండో శతాబ్దంలో గణితాన్ని తెలుగులో పద్యాలుగా చెప్పిన కవి ఆయన. అంకెలకు బదులు మాటలు వాడతారు: శర అంటే 5, శశి అంటే 1, షట్కం 6, చంద్రుడు 1. కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. చివరికి 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. పిల్లలు అంకెలు కూడి కష్టపడి తెచ్చిన ఇరవై అంకెల సంఖ్య, తాతమ్మ కాలం నాటి పద్యంలో ముందే కూర్చుని ఉండటం చూసి ఒక అబ్బాయి “వీళ్లకు కాలిక్యులేటర్ ఎవరిచ్చారు మిస్?” అన్నాడు.

వరుసను నమ్మినవాళ్లకు

పళ్లెం బోర్లించి వృత్తం గీయించండి. అంచు మీద రెండు చుక్కలు పెట్టి గీతతో కలిపితే లోపల రెండు ముక్కలు. మూడు చుక్కలు పెట్టి ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపితే నాలుగు. నాలుగు చుక్కలకు ఎనిమిది, ఐదింటికి పదహారు. ఆరింటికి? గింజలన్నీ 32 మీద పడతాయి. నేను చూసినంతలో ఇంత ధీమాగా ఓడిపోయే పందెం ఇంకొకటి లేదు.

లెక్కపెడితే 31. “ఒకటి వదిలేశావు” అని పక్కవాడు మళ్లీ లెక్కపెడతాడు. మళ్లీ 31. కొందరికి 30 వస్తుంది. ఇక్కడ మీరు సిద్ధంగా ఉండాలి. చుక్కల్ని సమాన దూరంలో అందంగా పెట్టినవాళ్లకు మధ్యలో మూడు గీతలు ఒకే చోట కలుస్తాయి, అక్కడ ఉండాల్సిన చిన్న త్రిభుజం మాయమవుతుంది. ముందు తెలియక నేను ఆ 30 వచ్చిన అమ్మాయిని మూడుసార్లు లెక్కపెట్టించాను, పాపం.

ఎందుకంటే: ప్రతి గీత ఒక ముక్కను పెంచుతుంది, గీతలు దాటుకునే ప్రతి చోటూ ఇంకొక ముక్కను పెంచుతుంది. ఆరు చుక్కలకు గీతలు 15. దాటే చోట్లు కూడా 15, ఎందుకంటే ఏ నాలుగు చుక్కలు తీసుకున్నా ఒక్క దాటు వస్తుంది. మొదట ఉన్న ముక్క 1. మొత్తం 31. తొమ్మిది, పదో తరగతుల్లో నిరూపణ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను వేరే జవాబు చెప్పడం మానేశాను.

టీచరు ఓడిపోయే రోజు

నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన పడుతుందా? 365 రోజులు, 40 మంది. అవకాశం చాలా తక్కువని రాస్తారు. నిజానికి 23 మంది ఉంటేనే అవకాశం సగానికి కొంచెం ఎక్కువ, 40 మందికి 89 శాతం. 40 మందిలో జతలు 780 ఉంటాయి, పిల్లలు మాత్రం తమ ఒక్కరి పుట్టినరోజుతో పోల్చుకుని ఆలోచిస్తారు. కిటుకు అక్కడే.

అయితే 89 అంటే 100 కాదు. ఒక ఏడాది పదీ ఒడ్డి కూర్చున్నాను, ఒక్క జత కూడా దొరకలేదు. తరగతి పండగ చేసుకుంది. నేను గింజలు పంచి, “నేను చెప్పింది తప్పా, లేక తొమ్మిది వంతులకు బయట ఉన్న ఆ ఒక్క వంతు ఇవాళ వచ్చిందా? తేల్చడం ఎలా?” అని అడిగాను. వాళ్లే పక్క సెక్షన్లకు వెళ్లి తేదీలు పట్టుకొచ్చారు. ఆ ఏడాది సంభావ్యత అధ్యాయాన్ని వాళ్లు నేర్చుకున్నంత బాగా ముందూ వెనకా ఎవరూ నేర్చుకోలేదు. ఓటమి భయం ఉంటే స్టాఫ్ రూములో ప్రయత్నించండి. మా తరంలో బడి రికార్డుల ప్రకారం సగం మందిమి జూన్‌లోనే పుట్టాం, జత దొరక్కుండా పోదు.

ఎప్పుడు వద్దు

రోజూ వద్దు. అధ్యాయానికి ఒకటి చాలు. ప్రతిసారీ తప్పే జవాబు అవుతుందని పసిగడితే పిల్లలు తమకు తోచినదానికి తలకిందులు రాయడం మొదలుపెడతారు. అప్పుడప్పుడు, వాళ్లు అనుకున్నదే సరైన జవాబయ్యే పందెం ఒకటి పెట్టండి. ‘ఇంత తేలికగా ఉండదులే’ అని అతితెలివికి పోయినవాళ్లు ఓడతారు.

ఎనిమిది ఎనిమిదుల చతురస్రాన్ని నాలుగు ముక్కలు కోసి ఐదు పదమూడుల దీర్ఘచతురస్రంగా పేర్చి 64 కాస్తా 65 అయిందని చూపే ఆట ఒకటి ఉంది. పదో తరగతికి ఇష్టంగా ఆడిస్తాను. ముక్కల మధ్య సన్నటి ఖాళీ ఉందని వాలు లెక్కతో వాళ్లు పట్టుకుంటారు. నాలుగో తరగతికి చూపించను. వైశాల్యం మారదన్న నమ్మకం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది, దాన్ని కదిలించి సర్దే సాధనం వాళ్ల చేతిలో ఇంకా లేదు.

ట్యూషన్‌లోనో వీడియోలోనో ముందే చూసిన పిల్ల ఒకరు ఎప్పుడూ ఉంటారు. “నాకు తెలుసు మిస్!” అని చెయ్యి లేస్తుంది. ఆమెను గింజలు పట్టే బ్యాంకరుగా పెట్టండి. అందరి చీటీలూ చదివి, ఎవరు ఏ కారణంతో ఏమి రాశారో వర్గాలు చేసే పని ఆమెది. తనకు తెలిసినది మిగతావాళ్లకు ఎందుకు తెలియలేదన్నది ఆమెకు మంచి లెక్కే.

ఇక నా చీటీ. పోయిన ఆదివారం బియ్యం పాఠానికి ముందు, ఉత్త సన్నాహం కోసం, పిడికెడు బియ్యంలో ఎన్ని గింజలుంటాయో రాయమన్నాను. ఇన్నేళ్లుగా గ్రాముల లెక్క చెప్పేదాన్ని కదా, పిడికిలి వైపు చూసి ఎనిమిది వందలు అని రాసి, తొమ్మిది చింతగింజలు ఒడ్డాను. ఆరో తరగతి పిల్ల ఒకతి మూడు వేలు అని రాసింది, రెండు గింజలు పెట్టింది. తూచాం. పిడికెడు 44 గ్రాములు, పది గ్రాములకు 640 గింజలు. ఆమె గుణించి చూసి, ఇంకోసారి గుణించి చూసి, 2816 అని మెల్లగా చెప్పింది. “నీకెలా తెలుసు?” అన్నాను. “తెలీదు మిస్. మా అమ్మమ్మ రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుంటాను, ఎప్పటికీ అవ్వదు.” నా తొమ్మిది గింజలూ ఆమె డబ్బాలో ఉన్నాయి. వచ్చే వారం శనగపప్పు తెస్తానని చెప్పింది, నన్ను ముందే చీటీ రాయమంది.